పైనుంచి వచ్చే చెయ్యి

కోవా పళ్ళు ఎవరికైనా దిగినప్పుడల్లా ఆ ఇంట్లో కొత్త గురువొకరు తయారయ్యేవారు.

కోవా మూడు నెలల కుక్కపిల్ల. పాలపళ్ళు సూదుల్లా ఉండేవి. ఏ చెయ్యి దొరికితే ఆ చెయ్యి నోట్లో పెట్టుకునేది. "ముక్కు మీద ఒక్కటెయ్యి, సెట్ అయితది," అనేవాడు బొల్లారంలో ఉండే హెన్రీ మామ. "నోరు మూసి గట్టిగ పట్టుకోవాలె," అనేది డోరా అత్త. ఫోన్లో వీడియోలు చేసే ఒకాయన కుక్కలాగే కుయ్యిమనమన్నాడు. ఆ ఇంటమ్మాయి అక్సా కుయ్యిమంటే అది ఇంకా హుషారుగా కొరికింది. చివరికి చిలకలగూడలో పశువుల డాక్టరమ్మ చెప్పిందే నచ్చింది. చెయ్యి తీసేసి, తడి తువ్వాలు ముడేసి నోటికివ్వాలి. అప్పటికీ కొరికితే లేచి పక్క గదిలోకి పోవాలి. కొట్టకూడదు.

అక్సా ఆ మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. తను మాత్రం పది రోజులు అలాగే చేసింది. ఆమె చేతిని కొరకడం మానేసి నాకడం మొదలుపెట్టింది కోవా.

తండ్రి యేసుదాసు ఆ కాగితం చూసి నవ్వాడు. "మన ఖాన్‌దాన్‌ల ఒక్కతివి డిగ్రీ చేస్తే, కుక్కకు చిట్టీలు రాసుడా బిడ్డా? ఇగో, ఇంకొక్కసారి ఎవరినన్న కొరికిందనుకో, మీ మామతోని బొల్లారం పోతది. ఆడ గొలుసేసి కడ్తడు."

గురువారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన. బేగంపేట ఆఫీసు నుంచి అక్సా మెట్రోలో వచ్చేసరికి చాపలు పరిచేశారు. కొత్తగా సంఘానికి పాస్టరుగా వచ్చిన షాలేమ్ అయ్యగారు ప్రార్థన ముగించి, పిల్లల తలల మీద చెయ్యి పెట్టి దీవించారు. మూలనున్న కోవాను చూసి ముచ్చటపడ్డారు. "నిన్ను సుత దేవుడే చేసిండురా," అంటూ దాని తల మీదికి చెయ్యి చాపారు.

కోవా నేలకు అతుక్కుపోయింది. మరుక్షణం ఆ చేతిని పళ్ళతో పట్టేసింది.

అక్సా అయ్యగారి చెయ్యి కుళాయి కింద పెట్టి సబ్బుతో కడిగింది. ఇంజక్షన్‌కు తానే తీసుకెళ్తానంది. ఆమె వెనక్కి తిరిగేసరికి హెన్రీ మామ చేతిలో గొలుసు సిద్ధంగా ఉంది.

"చూసినవా బావా! దెబ్బలు సాలలే దీనికి."

అక్సాకు ఒళ్ళు మండింది. "సాలలేదా? ఎవరు కొట్టిండ్రు మామా?"

డోరా అత్త అవసరం లేకపోయినా పాటల పుస్తకం తిరగేసింది.

"అయ్యగారిని ఇది ఇయ్యాల్నే చూసింది. నేనొక్క దెబ్బ ఎయ్యలే. మరి పైనుంచి చెయ్యొస్తే దెబ్బేనని దీనికెవరు నేర్పిండ్రు? నేను ఆఫీసుకు పోంగనే..."

"ఏందే, గంత గొంతు లేస్తున్నది!" యేసుదాసు కూతుర్ని అదిలిస్తూ చెయ్యెత్తాడు.

కోవా ఉన్నచోటే ఉచ్చ పోసింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. "ఏదో ఒకట్రెండు... మెల్లగనే..." అని గొణిగాడు.

"మెల్లగ కొడితే గిట్ల వణుకుతదా డాడీ? పొద్దున్నే బైబిలు చదివే కండ్లే కదా, నేను రాసిన నాలుగు ముక్కలు కానరాలేదా?"

అయ్యగారి ముందు ఆ మాట! యేసుదాసు ముఖం ఎర్రబడింది. హెన్రీ మామ గొలుసు విప్పుతూ ముందుకు వంగాడు.

"ఆగు హెన్రీ. అది యాడికి పోదు," అన్నాడు యేసుదాసు.

ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాడు. తువ్వాలు తడిపి, ముడేసి, చాప మీద కూర్చుని, చెయ్యి నేలకానించి చాపాడు. కోవా అతనివైపు జానెడు దూరం జరిగి ఆగింది.

"వస్తదా?"

"ఎప్పుడు రావాల్నో దానిష్టం," అంది అక్సా, కోపం తగ్గకుండానే. "నువ్వు మాత్రం చెయ్యి ఎత్తకు."