గేటు దాటినంక తినే చెయ్యి వైపు

జగదల్‌పూర్‌కు దారి చెప్పినవాడు ఆ పట్నంలో ఖైదీగా ఉండి వచ్చిన మనిషి. పేరు కేసా, కిష్టారం వైపు దొర్ల తెగవాడు. విడుదలై ఇంటికి పోతున్నవాడల్లా కావాలనే చుట్టు తిరిగి, భోపాల్‌పట్నం పక్కనున్న సారలమ్మ ఊరికి వచ్చాడు. గడప బయటే కూర్చుని, ఆమె పోసిన అంబలి తాగి, గిన్నె కడిగి బోర్లించి, అప్పుడు చెప్పాడు. జైల్లో ఆమె మొగుడు రాఘవులు తిండి మానేశాడట.

రోగం ఏమీ లేదన్నాడు కేసా. ఒకనాడు పళ్ళెం వంక, అది వేరెవరిదో తన ముందు పెట్టినట్టు చూసి, పక్కకు జరిపాడు. వార్డరు కొట్టి చూశాడు, బతిమాలి చూశాడు. డాక్టరు ముక్కు మూసి గంజి పోయించాడు. పోసిందంతా కక్కేశాడు. మాట కూడా లేదు.

"లోపలి మనిషి ఎల్లిపోయిండక్కా. గుడిసె ఒక్కటే నిలబడ్డది," అన్నాడు.

ఎందుకలా అయ్యాడో ఎవరికీ తెలియదన్నాడు. సారలమ్మకు తెలుసు. కనీసం తెలుసుననుకుంది.

రాఘవులు నాగలికని సర్కారు అడవిలో టేకుమాను కొట్టాడు. అడవి జవాను వచ్చి గొడ్డలి పట్టుకుంటే తోశాడు. జవాను చెయ్యి విరిగింది. దండం పెట్టి కాళ్ళు పట్టుకోమని సారలమ్మ ముందే మొత్తుకుంది. వినలేదు. కానిస్టేబులు వచ్చి రెక్కలకు తాడు కట్టిన పొద్దున ఆమె విసుర్రాయి ముందు కూర్చుని ఉంది. ఆ ఊళ్ళో వాగుకు నీళ్ళకు పోయేవాళ్ళయినా "పోతున్న" అనరు. "పోయొస్త" అంటారు. రాఘవులు వాకిట్లో నిలబడి "పోతున్న" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. "పో," అంది.

"పోయి రా" అనాలి. కోపం నాలుకను మధ్యలో పట్టుకుంది. మాటలో మిగిలిన సగం వస్తుందేమోనని అతను కొంచెంసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ నిలబడడం ఆమె చెవులతో విన్నది. తర్వాత తాడు లాగిన చప్పుడు.

అప్పటినుంచి రాయి తిప్పినా, పొయ్యి ఊదినా ఆ మాటే. పో. ఇప్పుడు కేసా వచ్చి చెప్పింది విన్నాక ఆమెకు అంతా కుదిరిపోయింది. రావద్దనిపించుకుని పోయిన మనిషి ఎందుకు తింటాడు? తిరిగి వచ్చేవాడికి కదా ఒళ్ళు కావాలి.

"నేను పోత," అంది. అని, నాలుక కరుచుకుని, "పోయొస్త" అని దిద్దుకుంది.

కేసా సంతోషంగా సర్దుకుని కూర్చున్నాడు. పట్నం పోయేవాళ్ళకు ఏం తెలియాలో అతనికి బాగా తెలుసు. అక్కడి రోడ్లకు ఎర్రమట్టి పోసిందీ, దిమ్మిస కొట్టిందీ ఖైదీల గుంపే.

"రాజుగారికన్న మాకే ఎక్కువ ఎరుక అక్కా జగదల్‌పూర్. ఆయన మోటర్ల పోతడు. మాకు రాయి రాయికి పేరు తెలుసు."

కొత్త రోడ్డు మీద ఉమ్మకూడదు, పోలీసు కొడతాడు. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి, తాగాక మళ్ళీ తిప్పాలి, లేకుంటే ఆడవాళ్ళు ఏడు తరాలు తిడతారు. బజార్లో హల్బీ, కచేరీలో హిందీ. తెలుగు మాట్లాడితే తెలంగి అని నవ్వుతారు, నవ్వనీ. జైలు ఎక్కడ అని ఎవర్నీ అడగకపోవడం మంచిది, అడిగినవాళ్ళను కూడా దొంగల్లాగే చూస్తారు. గేటు దగ్గర ఒక్కటే మాట అనాలి, ములాఖత్. అది వారానికి ఒక్కనాడే, అంగడి రోజున, మధ్యాహ్నం గంట కొట్టేదాకా. గంట కొట్టాక దేవుడొచ్చినా లోపలికి పంపరు.

జైలు తూర్పు దిక్కునా, పడమటి దిక్కునా అని అడిగింది సారలమ్మ. ఆమె ఊళ్ళో దారులు దిక్కులతో చెబుతారు. కేసా నవ్వాడు. జైలోడికి తూర్పెక్కడిది, గోడల నడుమ పొద్దు నెత్తి మీదికొస్తేనే కనిపిస్తుంది అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చేతులతో చెప్పాడు.

"గేటు దాటినంక తినే చెయ్యి వైపు తిరగాలె. గోడ పొంటి పోతె కుళాయి. కుళాయి కాడ ఎడం చెయ్యి. బట్టల కొట్ల చివర మల్ల తినే చెయ్యి. అంతే, చెరువు కట్ట ఎక్కుతవు."

"నేను చెరువు దిక్కు నుంచి గద వచ్చేది?"

"పోయేదీ వచ్చేదీ ఒకటే దారి గదక్కా."

ఆ మాట నమ్మి బయలుదేరింది. ఇప్పపువ్వూ నువ్వులూ వేయించి దంచి ముద్దలు చేసి మూట కట్టుకుంది. మద్దేడ్ దాకా నడిచింది, బిజాపూర్ దాకా నడిచింది, ఆ పైన ఉప్పు బండ్ల వెంట పడింది. కాళ్ళు వాచాయి. బండివాళ్ళు ఎక్కమంటే ఎక్కింది, దిగమంటే దిగింది. దారి పొడుగునా కేసా చెప్పింది జపంలా వల్లించుకుంది, తను వచ్చే వరసకు తిప్పుకుని. చెరువు, బట్టల కొట్లు, కుళాయి, గోడ, గేటు. తినే చెయ్యి, ఎడం చెయ్యి, తినే చెయ్యి.

అంగడి రోజు పొద్దున్నే చెరువు కట్ట మీద నిలబడింది. మబ్బు కమ్ముకుని ఉంది. సన్నని జల్లు. పొద్దు ఏ మూలనుందో తెలియదు. కింద పట్నం. అంత తిన్నని రోడ్లు ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక రోడ్డును ఇంకో రోడ్డు కోసుకుంటూ పోతోంది, ఏ మూల చూసినా ముందు మూల లాగే ఉంది. ఊళ్ళో దారికి వంకర ఉంటుంది, ఆ వంకరను బట్టే గుర్తుపడతాం. ఇక్కడ గుర్తుపట్టడానికి ఏమీ వదల్లేదు.

బట్టల కొట్లు కనిపించాయి. తినే చెయ్యి వైపు తిరిగింది. కుళాయి కూడా కనిపించింది. గుండె కుదుటపడింది. ఎడం చెయ్యి వైపు తిరిగింది. గోడ రాలేదు. కచేరీ గుమాస్తాల ఇళ్ళు వచ్చాయి, తర్వాత గుర్రాల సాల వచ్చింది, ఆపైన బీడు. వెనక్కి వచ్చింది. ఇంకో కుళాయి. ఇంకో మూల. మూలమూలకూ కుళాయి ఉందని అప్పుడు చూసింది. కేసా 'కుళాయి' అన్నాడు గాని ఏ కుళాయో చెప్పలేదు.

మళ్ళీ కట్ట దగ్గరికి పోయి మొదటినుంచి నడిచింది. మళ్ళీ గుర్రాల సాల. అడుగు వేస్తే 'పో', తీస్తే 'పో'. తను అన్న మాటే తనను తరుముతున్నట్టు అనిపించింది. గంట కొట్టేశారేమో, అంగడి గోలలో వినపడలేదేమో. గాజుల బుట్ట పెట్టుకున్న ఒకామె ముందు వంగి, ధైర్యం చేసి, "జేల్?" అని అడిగింది. ఆమె సారలమ్మను కిందినుంచి పైదాకా చూసి, గాజుల బుట్టను తన వైపు లాక్కుంది.

సారలమ్మ పోయి కుళాయి పక్కన చతికిలబడింది. తను ఇక్కడ కూర్చుని ఉండగానే, నాలుగు గోడల అవతల ఆ మనిషి కొంచెం కొంచెంగా అయిపోతున్నాడు. అరిచినా వినిపించేంత దగ్గర కావచ్చు. ఎటు తిరిగి అరవాలి? లేవాలని లేదు. రాఘవులుకూ ఇలాగే అయిందా అనుకుంది. పళ్ళెం ముందు కూర్చుని, చెయ్యి ఎత్తితే ఎటు పోవాలో తెలియక.

బిందె నింపుకున్న ఒక ముసలామె, ఎత్తమన్నట్టు సైగ చేసింది. సారలమ్మ లేచి ఎదురుగా నిలబడి బిందె పట్టుకుంది. ఇద్దరూ తినే చెయ్యి కింద వేశారు. ముసలామె చెయ్యి అటు, తన చెయ్యి ఇటు. బిందె ఒరిగి నీళ్ళు ఇద్దరి మీదా చిందాయి. ముసలామె హల్బీలో ఏదో సణిగి, బిందె తలకెత్తుకుని వెళ్ళిపోయింది.

సారలమ్మ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

ఎదురుగా ఉన్నవాళ్ళ తినే చెయ్యి మనకు ఎడం వైపు. కేసా కళ్ళు మూసుకుని చెప్పాడు. మూసిన కళ్ళలో అతను గేటులోంచి బయటికి వస్తున్నాడు. పొద్దున పనికి బయటికి వచ్చేటప్పుడు ఖైదీ అన్నీ చూస్తాడు. సాయంత్రం లోపలికి పోయేటప్పుడు ఏ ఖైదీ తలెత్తుతాడు? అతనికి తెలిసింది వచ్చే దారి ఒక్కటే. ఆమె గుర్తుల వరసను తిప్పుకుంది గాని, చేతులను తిప్పుకోలేదు. పోయేదీ వచ్చేదీ ఒకటే దారి కాదు.

పరుగు తీసింది. చెరువు కట్ట. బట్టల కొట్ల దగ్గర ఎడం చెయ్యి. కుళాయి దగ్గర తినే చెయ్యి. పొడుగాటి గోడ. ఎడం పక్కన గేటు.

"ములాఖత్," అంది, ఊపిరి అందక.

గంట కొట్టే వేళయిందని వార్డరు విసుక్కున్నాడు. ఎవరికోసమన్నాడు. మొగుడి పేరు చెప్పాల్సి వచ్చింది. పెళ్ళయ్యాక ఆ పేరు ఆమె నోట పలకడం అదే మొదలు. పేరు వినగానే వార్డరు మొహం మారింది. ఇంకేమీ అడగకుండా తాళం తీశాడు.

ఊచల అవతలికి తెచ్చి కూర్చోబెట్టారు. ఎముకల మీద చర్మం ఆరేసినట్టున్నాడు. ఆమెను చూశాడు, ఆమె వెనకున్న గోడనూ చూశాడు, రెంటినీ ఒకేలా చూశాడు. ఆ రోజు అన్నది నేను కాదు, నా కోపం అని చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. ఆ మాటలు ఒక్కటీ రాలేదు. నోటికి వచ్చింది ఇన్నాళ్ళూ వల్లించిందే.

"గేటు దాటినంక తినే చెయ్యి వైపు తిరగాలె," అంది.

అతను కదలలేదు. ఆమె ఆగలేదు. గోడ పొంటి నడిపించింది, కుళాయి దగ్గర ఎడం చెయ్యి తిప్పింది, చెరువు కట్ట ఎక్కించింది. ఉప్పు బండ్లు ఎక్కడ ఆగుతాయో, ఎద్దులకు నీళ్ళు ఎక్కడ పడతారో చెప్పింది. ఈ పట్నం అంచున పారేది మన ఇంద్రావతే, ఇక్కడ నువ్వు మొహం కడుక్కున్న నీళ్ళే మన రేవుకు వస్తాయి అని చెప్పింది. బిజాపూర్ దాటించింది. ఊళ్ళు దగ్గరపడుతున్న కొద్దీ మాట నెమ్మదించింది, దారి అయిపోతే ఇంకేం చెప్పాలో తెలియదు గనక. మద్దేడ్ దగ్గర వాగు వచ్చింది. పాత రేవు కాడ దాటి ఎక్కితే మన చేన్లు కనిపిస్తయి అంది.

"పాత రేవు వద్దు."

సారలమ్మ ఆగిపోయింది. మూలనున్న వార్డరు తలెత్తాడు.

"ఏంది?"

"వానలకు కోసుకపోయి ఉంటది." ఇన్నాళ్ళూ మాట లేని గొంతులోంచి ఒక్కో మాటా గీరుకుంటూ వచ్చింది. "నీకు ఈత రాదు. పైన రాళ్ళ కాడ దాటు."

ఆమె మూట విప్పి ముద్ద ఒకటి ఊచల సందులోంచి పెట్టింది. అతను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నువ్వు తిన్నవా?"

తినలేదని ఆమె మొహం చూసి తెలుసుకున్నాడు. ముద్దను విరిచాడు. వేళ్ళకు బలం చాలక రెండోసారి ప్రయత్నించి విరిచాడు. సగం తిరిగి ఇచ్చాడు. ఆమె నోట్లో పెట్టుకుంది. మింగుడు పడలేదు. అతను ఆమె గొంతు వంకే చూస్తున్నాడు, దిగేదాకా.

గంట కొట్టారు. వార్డరు అతని రెక్క పట్టుకుని లేపాడు.

"పోయొస్త," అంది సారలమ్మ.

ఊచలు పట్టుకుని ఎదురుచూసింది, ఆనాడు అతను వాకిట్లో నిలబడినట్టే. అతను వార్డరు వెంట నడిచాడు. మిగిలిన సగం ముద్ద గుప్పిట్లోనే ఉంది. నడవా చివరి మలుపు దగ్గర ఆ చెయ్యి మొహం దాకా లేచింది. తిన్నాడో, కళ్ళు తుడుచుకున్నాడో, వెనకనుంచి చూసేవాళ్ళకు తెలియదు.

బయటికి పంపి గేటు వేశారు. జల్లు ఇంకా పడుతూనే ఉంది. సారలమ్మ తినే చెయ్యి వైపు తిరిగింది. గోడ పొంటి నడిస్తే కుళాయి వచ్చింది. అక్కడ ఎడం చెయ్యి. ఇప్పుడు కేసా చెప్పిన దారి చెప్పినది చెప్పినట్టే ఉంది, ఏదీ తిప్పుకోనక్కర్లేదు. మళ్ళీ వల్లించుకుంటూ నడిచింది. చివర్లో, కేసా చెప్పనిది ఒకటి కలుపుకుంది. మద్దేడ్ వాగు రాళ్ళ కాడ దాటాలె.