మా అమ్మాయి ప్లాన్ల మీదికి వచ్చిన తుడుపు

మా తమ్ముడికి కంప్యూటర్లు బాగా తెలుసు. ఆ సంగతి వాడే అందరికీ చెప్పుకుంటాడు.

మా అమ్మాయి ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. గీసినవన్నీ ఈ సాయంత్రంలోగా పంపితే ఉద్యోగం ఇస్తానన్నాడు ఒక ఇంజనీరు. తీరా పొద్దున కంప్యూటర్ మొరాయించింది. "దాన్ని నడిపించే ఓఎస్ మళ్ళీ వేస్తే సరి, గంటలో అయిపోతుంది" అన్నాడు తమ్ముడు. గడువు అడిగి వస్తానని అమ్మాయి ఆ ఇంజనీరు దగ్గరికి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ, "మామయ్యా, సీ డ్రైవ్‌లోనే వేయండి. డీ జోలికి వెళ్ళొద్దు, నా ప్లాన్లు అందులో ఉన్నాయి" అని మరీ మరీ చెప్పింది. నాకర్థమైంది ఇంతే: పెట్టెలో రెండు గదులున్నాయి, రెండోది నా బిడ్డది.

తమ్ముడు ఓఎస్ వేయడం మొదలుపెట్టాడు. తెర మీద అంకె పెరిగి పెరిగి వంద శాతం అయింది. ఆరిపోయి మళ్ళీ వెలిగింది. వెలిగి, ఏ భాష కావాలని మొదటికొచ్చింది. వాడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయాడు. మళ్ళీ వంద, మళ్ళీ అదే ప్రశ్న.

"ఏమైందిరా? కాలిన వాసనేమైనా వస్తోందా?"

"నువ్వలా ఎదురుగా కూర్చుంటే ఏ మిషనైనా భయంతో చస్తుందక్కా!"

మూడోసారీ అంతే అయ్యేసరికి వాడి ముఖం మాడిపోయింది. "డిస్కంతా తుడిచేస్తే గానీ లాభం లేదు."

"అంతా అంటే డీ కూడానా?"

"పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకుందిగా. ఎందుకంత కంగారు?"

"ఆ పెన్‌డ్రైవ్ ఏదిరా?"

వాడు కంప్యూటర్‌కి గుచ్చిన పెన్‌డ్రైవ్ వైపు చూశాడు. టేబుల్ మీద కనబడిందని దాన్నే తుడిచి ఓఎస్ ఎక్కించాడట. లోపల ఏముందో చూడనేలేదట.

నాకు ఒళ్ళు మండిపోయింది. మౌస్ లాక్కున్నాను. "చెయ్యి తీయరా! ఇంకొక్కటి నొక్కావంటే మర్యాద దక్కదు. కళ్ళు పోయేలా గీసిందిరా అది!"

"నాకు మాత్రం పరాయిదా అక్కా?"

"నోర్ముయ్."

అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏ లారీ కిందైనా పడిందేమోనని ఒక భయం, ఇంజనీరు తిట్టి పంపేశాడేమోనని ఇంకో భయం. చివరికి తనే చేసింది. జరిగిందంతా చెప్పాను.

"అమ్మా, పెన్‌డ్రైవ్ ఇంకా అలాగే ఉందా? అదున్నంతసేపూ దాన్నుంచే మళ్ళీ మొదలవుతుంది. పీకేసి ఆన్ చేయండి."

పీకేశాను. ఆన్ చేశాను. ఈసారి భాష అడగకుండా ముందుకు సాగింది. కాసేపటికి మామూలు తెర వచ్చింది.

"నేనూ అదే చెప్పబోయా" అన్నాడు తమ్ముడు.

"కూర్చో. డీ తెరువు."

తెరిచాడు. ఫోల్డర్ కనిపించగానే లేవబోయాడు. పేరుంటే సరా, లోపల ఖాళీ అయితే? భుజం పట్టి కుర్చీలో కూలేశాను. మొదటి ప్లాన్ తెర మీద పరుచుకుంది. గోడలు, తలుపులు, మెట్లు.

"ఉన్నాయే తల్లీ!" అన్నాను ఫోన్‌లో.

"ఇక చాలా అక్కా?"

"చాలదు. ఒక్కోటీ తెరువు. అన్నీ నువ్వే పంపు."

ఇంజనీరుకు అందాయని అమ్మాయి చెప్పేదాకా వాణ్ణి మంచినీళ్ళకు కూడా లేవనివ్వలేదు.