పిలవని నంబరు

నేను ఒక టోకెను యంత్రాన్ని. గోడకు బిగించిన తెర, కింద చీటీలు కక్కే చిన్న నోరు, అంకెలు చదివే గొంతు: ఇంతే నేను. చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో పుట్టి, మొదట శ్రీకాకుళంలో మిఠాయి దుకాణంలో పనిచేశాను. అక్కడ నంబరు కాస్త ఆలస్యమైతే జనం నా మీద అరిచేవారు. జిలేబీ కోసం మనుషులు పడే తొందర చూసి నవ్వుకునేదాన్ని. దుకాణం మూతపడ్డాక, నరసన్నపేటలో పిల్లల డాక్టరు మందాకినిగారు నన్ను కొనుక్కొచ్చారు.

అప్పటికి ఆవిడకు జనమంటేనే బెదురు పట్టుకుంది. తలుపు దగ్గర తోపులాట, వరస కోసం తగవులు, ఆగకుండా మోగే ఫోను. మధ్యాహ్నం అన్నానికి కూడా లేచేవారు కాదట. నేను వచ్చాక హాలు సద్దుమణిగింది. టీకా తేదీలు గుర్తుచేస్తూ తల్లుల ఫోన్లకు సందేశాలు పంపే పనీ నాకే పెట్టారు. ఆవిడ మధ్యాహ్నం కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టారు. నాకు గర్వంగానే ఉండేది.

ఒక వానాకాలపు ఉదయం గౌరీశ్వరి అనే తల్లి ఏడాది పాపను భుజాన వేసుకుని వచ్చి, చీటీ తీసుకుని మూల బెంచీ మీద కూర్చుంది. హాల్లో పిల్లలందరూ ఏడుస్తున్నారు. ఆ పాప మాత్రం ఏడవడం లేదు. తల వేలాడిపోతోంది. చెంచాతో నీళ్లు పోస్తే పెదవుల పక్కనుంచి కారిపోయాయి. నాకు భయం వేసింది. పిలవాలి. కానీ నా గొంతుకు వచ్చేది తర్వాతి అంకె ఒక్కటే. దగ్గుతో వచ్చిన పిల్లాణ్ణి పిలిచాను. టీకాకు వచ్చిన బిడ్డను పిలిచాను. గౌరీశ్వరి ప్రతిసారీ తన చీటీ చూసుకుని, నా వంక చూసి, మళ్లీ సర్దుకుని కూర్చుంది. నర్సు రత్నాలుగారు లోపల టీకాలు వేస్తున్నారు. డాక్టరుగారి తలుపు మూసి ఉంది. పాప కళ్లు తేలిపోతున్నాయి. అంకెలు తప్ప మరో మాట రాని గొంతు ఎంత ఘోరమైనదో అప్పుడు తెలిసింది.

తర్వాతి నంబరు మనిషి టీ తాగడానికి వెళ్లాడు. మళ్లీ మళ్లీ పిలిచాను. ఎవరూ రాకపోయేసరికి డాక్టరుగారే తలుపు తీసి తొంగిచూశారు. ఆవిడ చూపు మూల బెంచీ మీద ఆగింది. పరుగున వచ్చి పాపను అందుకున్నారు. పొట్ట మీద చర్మం గిల్లితే ముడత అలాగే నిలిచిపోయింది. ముందురోజు నుంచీ విరేచనాలట, ఒంట్లో నీరంతా పోయింది.

పాపను లోపలికి తీసుకెళ్లారు, సెలైను ఎక్కించడానికి నరం దొరకడం లేదు. నేను ఎవరినీ పిలవలేదు. చాలాసేపటికి తలుపు వెనక నుంచి సన్నగా పాప ఏడుపు వినిపించింది.

డాక్టరుగారు బయటికి వచ్చి, బెంచీ మీద గౌరీశ్వరి పక్కనే కూలబడ్డారు.

"పిల్ల ఇలా ఉంటే నేరుగా లోపలికి వచ్చేయొద్దా అమ్మా?"

"నా నంబరింకా రానేదు గదమ్మా," అంది గౌరీశ్వరి.

డాక్టరుగారు ఆమె చేతిలోని చీటీ తీసుకుని చూశారు.

నన్ను పీకి పారేయమని డాక్టరుగారి భర్త అన్నారు. "దాన్ననేం లాభం? పిల్లల్ని చూడాల్సింది మనం," అన్నారు డాక్టరుగారు. మర్నాటి నుంచి రత్నాలుగారు గుమ్మంలోనే ఉండి, ప్రతి బిడ్డ మొహం చూశాకే చీటీ ఇస్తున్నారు. నీరసంగా ఉన్న బిడ్డకు చీటీ లేదు, నేరుగా లోపలికే. డాక్టరుగారు కూడా మధ్యమధ్య హాల్లోకి వచ్చి చూసి వెళ్తున్నారు. లెక్కలు, తేదీలు మాత్రం నావే. ఆవిడ ఇప్పటికీ వేళకు భోంచేస్తున్నారు.

నాకే భయం పోలేదు. హాల్లోకి అడుగుపెట్టిన ప్రతి తల్లీ ముందు నా వైపే చూస్తుంది, పిల్ల వైపు కాదు.