ముప్పావుగంట ఆలస్యం

నేను ఒక బస్టాండు బోర్డును. ఎర్ర దీపాలతో అక్షరాలు పరిగెత్తిస్తాను. పుట్టింది ఫ్యాక్టరీలో అయినా, మాటలు నేర్చింది కోనసీమలోని ఒక చిన్న బస్టాండులో. నన్ను బిగించిన మెకానిక్, ఎదురుగా ఉన్న పుల్లేసు టీకొట్టులో కూర్చుని, ఫోనులోంచే నా చేత అక్షరాలు దిద్దించాడు.

"పాస్‌వర్డు మార్చమంటారా సార్?"

"ఒకటి రెండు మూడు నాలుగే ఉంచెయ్యవయ్యా, మర్చిపోం" అన్నారు డిపో మేనేజరు సుందరరామయ్యగారు.

పుల్లేసు కూడా మర్చిపోలేదు.

బస్సు ఎప్పుడొస్తుందో నేను చెప్పేస్తుంటే టీ కోసం ఆగేవాళ్ళు తగ్గారు. ఒక మధ్యాహ్నం అతను తన ఫోనులోంచి నాలోకి దూరి, "కాకినాడ బస్సు ముప్పావుగంట ఆలస్యం" అని రాశాడు. నాకు నిజమూ అబద్ధమూ ఒకే రంగు. వెలిగాను. జనం ఉసూరుమంటూ టీకొట్టు మీద పడ్డారు. బస్సేమో వేళకే వచ్చి, వాళ్ళు గ్లాసులు దించేలోపే వెళ్ళిపోయింది.

రోజూ ఇదే తంతు కావడంతో సైబర్ నిపుణులు దిగారు. "దీని వెనక విదేశీ హస్తం ఉంది" అని మేనేజరుగారు టీవీవాళ్ళకు చెప్పారు. ఆ హస్తం అప్పుడే ఆయనకు అల్లం టీ అందించింది.

మర్నాడు పుల్లేసు నా మీద రాయాల్సింది రాసి పాలకు వెళ్ళాడు. అతని భార్య నాగరత్నం సంచితో వచ్చింది. కాకినాడ ఆసుపత్రిలో చెల్లెలికి ఉన్నట్టుండి గుండె ఆపరేషన్ అని అప్పుడే కబురొచ్చింది. నన్ను చూసి, నిపుణులొచ్చి బాగుచేసే ఉంటారు, టైముంది కదా అని పళ్ళు కొనడానికి బజారుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి బస్సు లేదు. ఫోను మోగింది.

"అక్కా, లోపలికి తీసుకెళ్ళిపోతున్నారే. నువ్వొచ్చేదాకా ఆగమంటే ఆగట్లేదు."

నాగరత్నం బల్ల మీద కూలబడింది. "ఎవుడండీ ఆ ముదనష్టపోడు! ఆడి చేతులు పడిపోను!"

అప్పుడే వచ్చిన పుల్లేసు చేతిలోంచి పాలక్యాను జారింది. "నేనేనే రత్నం... నాలుగు టీలు ఎక్కువ పోతాయని..."

గొడవ విని వచ్చిన మేనేజరుగారు నోరు తెరిచారు. "నువ్వా! ఎలా దూరావురా అందులోకి?"

"తలుపు తీసే ఉందండి, ఆయ్."

నాగరత్నం కన్నీళ్ళు తుడుచుకుని, "బండి తియ్యి" అంది. కొట్టు అలాగే వదిలేసి ఇద్దరూ కాకినాడ వెళ్ళారు. ఆపరేషన్ బాగానే అయిందని తర్వాత విన్నాను.

కేసు తేలేదాకా నన్ను విప్పి సామాన్ల గదిలో పెట్టారు. కిటికీలోంచి అన్నీ కనబడతాయి. నా పని ఇప్పుడు పుల్లేసుది. అది మేనేజరుగారు వేసిన శిక్ష. "కాకినాడ బస్సు వచ్చేసిందండోయ్!" అని గొంతు చించుకుంటాడు. జనం అతని మొహం ఒకసారి చూసి, గేటు దాకా నడిచి, రోడ్డు మీదికి తొంగి చూసి, అప్పుడొచ్చి సంచులు తీసుకుంటారు.