‘అంతర’ దగ్గర ఆగిన కుంచె

“అడ్డు తప్పుకోవే, టీవీ కనపడట్లేదు!” అన్నాడు భర్త.

నేల తుడుస్తున్న ఆమె బకెట్టుతో సహా పక్కకు జరిగింది. నిజానికి అక్కడ కనపడేందుకేమీ లేదు. స్టూడియోలో టేపు మళ్ళీ చిక్కుపడినట్టుంది, తెర నిండా ఒకే ఒక్క అట్ట. దాని మీది అక్షరాలు ఆమెవే. తన రాతకు తనే అడ్డం!

ఊళ్ళో టీవీ స్టేషను పెట్టి ఏడాది. అక్కడ ప్రసారం కంటే ప్రయాస ఎక్కువ. కార్యక్రమాలున్నాయి గానీ క్రమమే లేదు. ఒకసారి వార్తలు చదివే ఆయన కుర్చీ విరిగి, సగం వార్తలు బల్ల కిందినుంచి వినిపించాయి. ఏది విరిగినా, ఏది కాలినా కెమెరా ముందుకు ఆమె అట్టే వచ్చేది: ‘అంతరాయానికి చింతిస్తున్నాం’. ఊరు అన్నిటికంటే ఎక్కువసేపు చూసిన కార్యక్రమం అదే. పొద్దున ఇంట్లో కంచాలు, పగలు స్టేషనులో కుంచెలు, సాయంత్రం మళ్ళీ కంచాలు. ఆమె చెయ్యి పడని కార్యక్రమం లేదు, పేరు పడిన కార్యక్రమమూ లేదు. “ఏదో, అట్టలకు రంగు పూస్తుందిలెండి,” అని భర్త చుట్టాలకు చెప్పేవాడు. “మా కోడలికి అత్తకంటే అట్టే ముద్దు,” అని అత్తగారు అందుకునేది.

పాత అట్ట అంచులు చిరిగాయని ఇవాళ కొత్తది రాస్తుంటే, సరిగ్గా ‘అంతర’ దగ్గర అత్తగారి ఫోను. “మందు సీసా మూత రావట్లేదే, ఎప్పుడొస్తావ్?” ఫోను పెట్టేసి వచ్చి, గబగబా మిగతా అక్షరాలు పూర్తిచేసి ఇంటికి పరుగెత్తింది.

ఇప్పుడు తలెత్తి తెర మీది అక్షరాలు చదివింది. ‘అంతరంగానికి చింతిస్తున్నాం.’

“ఏవండీ, అక్కడేం రాసుంది?”

“ఎప్పుడూ ఉండేదేగా! అంతరాయానికి చింతిస్తున్నాం.”

కళ్ళు చూశాయి, చదివింది మాత్రం అలవాటు. పక్కనే అత్తగారు కూడా అంతే. ఇరవై నిమిషాలు ఊరంతా తన అంతరంగాన్ని కళ్ళప్పగించి చూసింది, ఎవరికీ కనపడలేదు. తప్పు దొరకలేదని ఊపిరి పీల్చుకోవలసింది పోయి, ఆమెకు ఏడుపొచ్చింది. ఒక్కరైనా చదివితే బాగుండును, తిట్టడానికైనా.

మర్నాడు ఆమె పనికి వెళ్ళేసరికి స్టేషను మేనేజరు అట్ట పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఇదేంటమ్మా? ఎవరో ఆవిడ ఫోన్ చేసేదాకా మాకే తెలీలేదు.”

“తిట్టారా సార్?”

“తిట్టినా పోయేది. ‘అది తప్పా, కావాలనే రాశారా?’ అనడిగింది. తప్పేనన్నాను. అయినా వినదే! రాసినవాళ్ళతోనే మాట్లాడాలని నంబరిచ్చింది. ఏం చాదస్తమో. ముందు దీన్ని దిద్దు.”

ఆమె కుంచె ముట్టుకోలేదు. “ఆ నంబరు ఇలా ఇవ్వండి సార్.”

రెండో రింగుకే ఎత్తారు. అవతల గిన్నెల చప్పుడు ఆగింది. కుళాయి కట్టేసినట్టున్నారు.

“మా మేనేజరు గారు పొరబడ్డారండీ,” అంది ఆమె. “అది తప్పు కాదు. రాసింది నేనే.”