ఎడమ మోకాలి కోసం ప్రార్థన

ప్రార్థన చీటీ రాసింది నేనే. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే, తర్వాత నన్ను తిట్టుకునే శ్రమ మీకు కొంత తగ్గుతుంది.

కిందటేడు సెప్టెంబరులో, లీగు ఆఖరి మ్యాచిలో, మా చెల్లెలు దయమ్మ కొడుకు జాబేజ్ గోలు కొట్టబోయి కాలు విసిరాడు. అదే బంతికి అవతలివాడి బూటు అడ్డం వచ్చింది. బంతి ఎక్కడికీ వెళ్లలేదు. వాడి కుడి మోకాలు మాత్రం వెళ్లకూడని వైపుకి వెళ్లింది. లోపల నరం లాంటిదేదో తెగిందని ఆపరేషన్ చేశారు. మర్నాడు నేను ఆసుపత్రికి వెళ్లి వాడి మంచం చివర కాళ్ల వైపు నిలబడి కట్టు చూశాను. అది నా ఎడమచేతి వైపు ఉంది. శనివారం పాస్టరు గారికిచ్చిన చీటీలో 'ఎడమ మోకాలు' అని రాశాను.

పదిహేడేళ్లు గోల్‌కీపరుగా నిలబడిన మనిషిని. మనుషుల్ని ఎదురుగా తప్ప చూసి ఎరగను. నా ఎడమ వైపు ఉన్నది నాకు ఎడమే. తప్పంటే తప్పే గాని, అలవాటు చేయించిన తప్పు.

బెంగాల్‌లో ఓడరేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌లో మా తెలుగు చర్చి చిన్నది. డాక్‌లో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్నది. అందులో నేను సంఘపెద్దని. ఆ ఆదివారం పాస్టరు గారు చీటీ చదివి, కళ్లు మూసుకుని, "తండ్రీ, నీ బిడ్డ జాబేజ్ ఎడమ మోకాలిని ముట్టుము" అన్నారు. డెబ్బై మంది "ఆమెన్" అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి దయమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. ప్రార్థనలో కళ్లు తెరవడం తప్పు కాబట్టి నేను గట్టిగా మూసుకున్నాను.

బయటికొచ్చాక పట్టుకుంది.

"అన్నయ్యా, ఆడిది కుడికాలు కదా?"

"వచ్చే వారం సెప్తాన్లే."

"దేవుడికి తెలీదేటి, ఏ కాలో?"

"తెలుసు కదా. మరి నీకేటి బెంగ?"

వచ్చే వారం వచ్చేలోగా శుక్రవారం వచ్చింది. సంఘమంతా ఎడమ మోకాలి కోసం ఉపవాసం ఉంది. డెబ్బై మంది ఒక పూట కడుపు మాడ్చుకున్నాక లేచి, అయ్యా అది ఈ కాలు కాదు అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. రెండో వారం చెప్పనివాడు మూడో వారం ఎలా చెబుతాడు? అలా తేలు కుట్టిన దొంగలా ఆదివారం తర్వాత ఆదివారం "ఆమెన్" అంటూ వచ్చాను.

వాడు చర్చికి కుంటుతూ వచ్చినప్పుడైనా జనం చూడలేదా అని మీరడగొచ్చు. చూశారు. కళ్లు ఒకటి చెప్పి పాస్టరు గారు ఇంకొకటి చెబితే, మా వాళ్లు పాస్టరు గారినే నమ్ముతారు.

జాబేజ్ ఇక్కడే పుట్టాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. అయినా చెవులున్నాయి కదా. ఒకరోజు నవ్వుతూ అన్నాడు: "పోనీలే మావా. ఎడంకాలు బానే ఉంది. ఇంకా బాగవుతాది."

చీటీ ఎవరు రాశారో వాడికి తెలుసు. ఎవరితోనూ అనలేదు. అందుకు వాడి మీద నాకు కోపం కూడా వచ్చేది. ఒక్క మాట అనేస్తే నాకూ కాస్త హాయిగా ఉండేది.

ఇక మా జట్టు. పేరు ఆంధ్రా స్పోర్టింగ్. మా నాన్న, ఇంకో పదిమంది డాక్ కూలీలు కలిసి అరవై రెండేళ్ల కిందట పెట్టింది. మాకు మైదానం లేదు, పెద్ద క్లబ్బులకున్నట్టు టెంటు లేదు. ఒక రేకు పెట్టె ఉంది. దానిలో రెండు వలలు, మా నాన్న చేతి తొడుగులు, పాత ఫోటోలు ఉంటాయి. ఆడేది అట్టడుగు డివిజన్. దాని కింద మెట్టు లేదు. పట్టికలో చివర నిలిచినవాళ్లు లీగులోంచే పోతారు. కోచ్‌ని నేను. సెక్రెటరీ కొండయ్య, రిటైరైన క్రేన్ డ్రైవరు.

జాబేజ్ మధ్యలో ఆడేవాడు. బంతి ఎవరికి దొరికినా వాడికిచ్చేవారు, వాడు అందరికీ పంచేవాడు. తొమ్మిదేళ్లుగా అదే మా ఆట మొత్తం. ఈ జూన్‌లో లీగు మొదలైనప్పుడు వాడు గట్టు మీద కుర్చీలో ఉన్నాడు. మా వాళ్లు మాత్రం అలవాటు మానలేదు. వాడు ఉండాల్సిన చోటికే బంతి పంపేవారు. అక్కడ గడ్డి ఉండేది.

నాలుగు సున్నా. మూడు సున్నా. అయిదు ఒకటి, ఆ ఒకటీ అవతలివాళ్లు పొరపాటున వాళ్ల గోల్‌లోకే కొట్టుకున్నది. ఎనిమిది మ్యాచుల్లో ఆరు ఓడాం. రెండింటిలో వర్షం పడి మైదానం మునిగితే చెరో పాయింటు ఇచ్చారు. అంటే మా రెండు పాయింట్లూ వర్షం సంపాదించినవి. తిరుగు బస్సులో కండక్టరు టికెట్టు కొట్టకముందే అడిగేవాడు, "ఈరోజు ఎన్ని తిన్నారు దాదా?" అని. బెంగాలీలో గోలు ఇవ్వరు, తింటారు. ఆ లెక్కన మా జట్టు బాగా బలిసింది.

గోరుచుట్టు మీద రోకటి పోటులా, కొత్త జెర్సీలు కుట్టిన దర్జీ ఆరో నంబరు రెండుసార్లు వేశాడు. రెఫరీ ఒకడికి ఇచ్చిన హెచ్చరిక ఇంకొకడి పేరు మీద పడింది. కొండయ్య పెట్టెకి నిమ్మకాయలు కట్టాడు, బస్సు మార్చాడు, నన్ను కుడి పక్క సీట్లో కూర్చోవద్దన్నాడు.

"సీటు మారిస్తే గోల్సు ఆగుతాయేట్రా?" అని అరిచాను.

"ఆగవు దాదా. కానీ ఏదోటి మార్సాలి కదా" అన్నాడు.

పది నెలలు నిండాక డాక్టరు జాబేజ్ మోకాలు అటూ ఇటూ వంచి చూసి, ఆడొచ్చన్నాడు. తొమ్మిదో మ్యాచిలో దించాను. పదిమందీ బంతి వాడికిచ్చి, సినిమా చూడ్డానికి వచ్చినట్టు నిలబడిపోయారు. వాడు పరుగు బాగానే తీశాడు. కానీ బంతి కుడికాలి ముందుకి వచ్చిన ప్రతిసారీ ఆగి, పక్కవాడికి మెల్లగా తోసేశాడు. ఒక్కసారి కూడా కొట్టలేదు. రెండు సున్నా.

బస్సులో నా పక్కన కూర్చున్నాడు. గార్డెన్‌రీచ్ రోడ్డు మలుపు తిరిగాక అన్నాడు:

"మావా, కాలు బానే ఉంది. నానే బాగోలేను."

"ఏటయింది?"

"కుడికాలి మీద నిలబడగలను, పరిగెడతాను. కొడదామని ఇసిరితే మాత్రం ఆ బూటు మళ్లీ కనబడతాది. కాలు దానంతటదే ఆగిపోతంది. డాక్టర్‌కి ఇది సెప్పలేదు. అమ్మకీ సెప్పలేదు."

నాకు భయం వేసింది. కాలి సంగతైతే డాక్టరున్నాడు. భయానికి ఎవరున్నారు? పది నెలలుగా డెబ్బై మంది ప్రార్థిస్తున్నారు, అది కూడా నా పుణ్యాన బాగున్న కాలికి. వాడిలో ఈ భయం ఉండిపోవడానికి నా చీటీయే కారణమేమో అనిపించింది. దేవుడు అంత చిన్నబుద్ధివాడు కాడని నాకు తెలుసు. తెలిసినా అనిపించింది.

ఇక ఒక్క మ్యాచి మిగిలింది. బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు జట్టుతో, బుధవారం. మా పైనున్న జట్టుకి నాలుగు పాయింట్లు, వాళ్ల మ్యాచులు అయిపోయాయి. మాకు రెండు. గెలిస్తే అయిదు, లీగులో ఉంటాం. డ్రా అయినా సరే, అరవై రెండేళ్ల సంబరం పెట్టెలో పెట్టి మూసేయడమే. అంతకు ముందు ఆదివారం దయమ్మ చర్చి గుమ్మంలో నన్ను ఆపింది.

"ఈయాళైనా లేసి సెప్పు అన్నయ్యా."

"మ్యాచి అయ్యాక సెప్తాను."

"నీకు బంతికి ఎదురెల్లడం వచ్చు గాని మనుషులకి ఎదురెల్లడం రాదు" అంది. నలభై ఆరోసారి ఆమెన్ అన్నాను.

బుధవారం మైదానానికి వెళ్లేసరికి వాన వెలిసింది. "నువ్వు కూకోరా. దించను" అన్నాను జాబేజ్‌తో.

"నాను కూకుంటే ఈలందరూ బంతిని సూడరు మావా, నన్నే సూస్తారు. దిగుతాను. కానీ బంతి నాకు ఇయ్యొద్దని సెప్పు."

ఆ మాట వాడే చెప్పాడు అందరికీ. పదిమందీ బిక్కమొహాలు వేశారు. మొదటి పావుగంట బంతిని వేడి పెనంలా ఒకరి నుంచి ఒకరికి తోసుకున్నారు. తర్వాత తర్వాత, ఇవ్వడానికి వాడు లేడు కాబట్టి, పక్కవాడికి ఇచ్చారు. పక్కవాడు కూడా ఫుట్‌బాల్ ఆడతాడని తొమ్మిదేళ్ల తర్వాత కనిపెట్టారు. గోలు కొట్టలేదు గాని తినలేదు కూడా.

ఎనభై నాలుగో నిమిషంలో మిల్లు జట్టువాడి చేతికి బంతి తగిలింది. పెనాల్టీ. అప్పటిదాకా మహా బుద్ధిగా ఉన్న మావాళ్లు బంతి తీసుకెళ్లి జాబేజ్ చేతిలో పెట్టారు. వద్దని అరవబోయాను. అప్పటికే వాడు బంతి పట్టుకుని నడుస్తున్నాడు. కొండయ్య తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. నాకు కాళ్లు ఆగక గోల్ వెనక్కి వెళ్లి వల పక్కన నిలబడ్డాను. పెనాల్టీ అంటే నా చోటు అదే.

మిల్లు కీపరుకి జాబేజ్‌ని ఏళ్లుగా తెలుసు. పేట టోర్నమెంట్లలో వాడి కుడికాలి దెబ్బలు తిన్నవాడే. జాబేజ్ బంతి పెట్టి మూడడుగులు వెనక్కి వేశాడు. వల వెనకున్న నన్ను చూశాడు. తర్వాత మెల్లగా నడిచి బంతికి రెండో పక్కకి వెళ్లాడు. రెఫరీ ఈల వేశాడు. వాడు వచ్చి ఎడంకాలితో కొట్టాడు.

అందులో చెప్పుకోదగ్గ దెబ్బేమీ లేదు. ముసలమ్మ వాకిట్లోంచి కోడిని తోలినట్టు తోశాడు. కానీ కీపరు అప్పటికే కుడికాలి లెక్కతో అవతలికి దూకేసి ఉన్నాడు. అక్కడ నేనున్నా అటే దూకేవాణ్ణి. బంతి బురదలో దొర్లుతూ గీత దాటి, వలని తాకకుండానే ఆగింది. ఏమైందో కొండయ్యకి చెప్పడానికి తువ్వాలు లాగాల్సొచ్చింది. మిగతా ఆరు నిమిషాలు ఎలా గడిచాయో నన్నడక్కండి. ఒకటి సున్నా. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. కండక్టరు ఆరోజు అడిగితే, తినలేదు, పెట్టాం అన్నాను.

మా చర్చిలో మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. ఆదివారం పాస్టరు గారు జాబేజ్‌ని ముందుకి పిలిచారు. దయమ్మ నా వైపు చూడలేదు. చూడకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

"మీరందరూ పది నెలలు నా ఎడమ మోకాలి కోసం ప్రార్థన సేసారు" అన్నాడు జాబేజ్. "ఆపరేషన్ అయింది కుడికాలికి."

ముందు వరసలోవాళ్లు వంగి వాడి కాళ్ల వైపు చూశారు.

"గోలు ఎడంకాలితో కొట్టాను. ఇన్నేళ్లలో ఎడంకాలితో ఒక్క గోలు కొట్టి ఎరగను."

డెబ్బై మందీ ఒక్కసారిగా "స్తోత్రం!" అన్నారు. చప్పట్లు కొట్టారు. చీటీ ఎవరు రాశారో వాడు ఇప్పుడూ చెప్పలేదు. పాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని అడిగారు:

"మరి కుడికాలి సంగతేమిటి బాబూ?"

"దానికి ఇంకా ఎవరూ ప్రార్థన సెయ్యలేదు కదండీ" అన్నాడు జాబేజ్. వాడు నవ్వడం లేదు. "ఇసరాలంటే భయంగా ఉందండి."

నేను లేచాను. చీటీ రాసింది నేనేనని, మొదటి ఆదివారమే తెలుసని, నలభై ఆరుసార్లు ఆమెన్ అన్నానని చెప్పాను. ఉపవాసం ఉన్నవాళ్లు నన్ను కొంచెం సేపు చూశారు. జేబులోంచి కాగితం, పెన్ను తీసుకుని ముందుకి నడిచాను. అలవాటుగా వాడికి ఎదురుగా ఆగబోయి, ఆగలేదు. చుట్టూ తిరిగి వెళ్లి, వాడి పక్కన, వాడు ఎటు చూస్తున్నాడో అటే తిరిగి నిలబడ్డాను. వంగి వాడి మోకాలి మీద చెయ్యి వేశాను. ప్యాంటు కింద కుట్ల గీత తగిలింది.

"ఇదేనేట్రా?"

"ఇదే మావా."

చెయ్యి తియ్యకుండానే రెండో చేత్తో చీటీ రాశాను.