పచ్చపురుగు వీపు మీద పట్టు

నగరం అంచున హూడిలో సొన్నప్ప ఇంటికి మూడు వైపులా అపార్టుమెంట్లు లేచాయి. అయినా పొద్దున కాసేపు ఎండ ఎక్కడో సందు చూసుకుని వచ్చి వాకిట్లోని నందివర్ధనం మీద పడుతుంది. భార్య సావిత్రమ్మ పోయిన తర్వాత సొన్నప్ప ఇలాంటివాటిని గమనించడం నేర్చుకున్నాడు. ఆ ఎండ ఉన్నంతసేపూ కాఫీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూర్చుంటాడు. పోస్టాఫీసు ఉద్యోగం అయిపోయింది కనుక తొందరేమీ లేదు.

ఆ రోజు పైగదిలో అద్దెకుంటున్న అంబిక బ్యాగు భుజాన వేసుకుని హడావిడిగా దిగివచ్చి, చెట్టు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది. చింతామణి ఊరి వైపు అమ్మాయి. కందిరీగల మీద పరిశోధన చేస్తోంది.

"అంకుల్, మెల్లగా రండి. కొమ్మ కదలకూడదు."

ఆకు కింద వేలెడు పొడవు పచ్చపురుగు ఉంది. తల వెనక రెండు నీలం చుక్కలు, కళ్ళలాగా. వీపు నిండా బియ్యపు గింజల్లాంటివి తెల్లగా నిలబడి ఉన్నాయి.

"గుడ్లా?"

"గుడ్లు కాదు, గూళ్ళు. కందిరీగ వచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి పోతుంది. పిల్లలు లోపలే తిని పెరుగుతాయి. గుండెనీ, నరాలనీ ముట్టుకోవు. అవి పోతే పురుగు చస్తుంది, అది చస్తే వీటికి తిండి ఉండదు. పెరిగినాక చర్మం తొలుచుకుని బయటికొచ్చి ఇట్ల గూడు కట్టుకుంటాయి."

సొన్నప్ప చేతిలో కాఫీ చల్లారిపోతోంది. "కందిరీగంటే కుట్టేదే కదమ్మా?"

"ఇవి మనల్ని కుట్టవు. చీమకన్నా చిన్నవి. చీమలు, తేనెటీగలు, కందిరీగలు అన్నీ ఒకే వంశం అంకుల్. అందులో కొమ్మలు, రెమ్మలు. రెక్కలో ఒక చిన్న ఈనె ఉంటే ఒక కుటుంబం, లేకపోతే ఇంకో కుటుంబం. పేరు పెట్టినవాటికన్నా పెట్టనివే ఎక్కువ." ఆమె గొంతు తగ్గింది. "ఇవి నేను వెతికేవే అనిపిస్తా ఉంది."

ఏడాది కిందట చెరువు వెనక ఖాళీ జాగాలో ఆమె వలకు రెండు ఆడ కందిరీగలు చిక్కాయట. ఏ పుస్తకంలోనూ లేనివనిపించాయి. అయితే వాటిని పోలిన జాతి ఇంకొకటుంది. ఆడవాటిని చూస్తే తేడా తేలదు, మగదాన్ని చూస్తేనే తేలుతుంది. మగది లేకుండా కొత్త జాతి అంటే ఆమె సారు ఒప్పుకోనన్నారు. మళ్ళీ వెళ్ళేసరికి ఆ జాగాలో పునాదులు తవ్వేశారు.

"ఈ గూళ్ళలోంచి మగది వస్తే పేరు పెట్టొచ్చు. రాకపోతే నా రెండు కందిరీగలూ ఇంకొకరి ఇంటిపేరుతోనే ఉండిపోతాయి."

ఆమె కొమ్మ తుంచి, గాజుసీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టింది. మైసూరులో మీటింగు, పోక తప్పదు. సీసాను నడవ కిటికీలో నీడన పెట్టి, "ఎండ తగలకుండా చూసుకోండి అంకుల్, అంతే," అంది.

"నేనుండా కదమ్మా. పోయిరా."

మర్నాడు శిడ్లఘట్ట నుంచి సొన్నప్ప అక్క హనుమక్క వచ్చింది. పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే ఇంట్లో ఆమె బతుకంతా గడిచింది. వేడినీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు నున్నగా అయిపోయాయి. తమ్ముడు ఒంటరివాడని అప్పుడప్పుడూ వచ్చి, నాలుగు రోజులు వండిపెట్టి, నాలుగు మాటలు తిట్టి పోతుంది.

సొన్నప్ప ఆమెకు కాఫీ ఇచ్చి కూరగాయలకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కిటికీలో సీసా లేదు.

"అక్కా, ఈడ సీసా ఉండాల కదా, ఏది?"

"మిద్దె మీద పెట్టినా. ఏమప్పా, శిడ్లఘట్టలో పుట్టినోడివి, గూడు కట్టినాక ఎండలో పెట్టకపోతే పురుగు తొలుచుకొని వచ్చి దారం పాడుచేస్తాదని తెలీదా నీకు? పిల్ల గూళ్ళే అయినా పట్టు పట్టే కదా."

సొన్నప్ప మెట్లెక్కాడు. నీళ్ళ ట్యాంకు పక్కన రేకు మీద సీసా తళతళ మెరుస్తోంది. పట్టుకుంటే చెయ్యి కాలింది. లోపల ఆకు అప్పడంలా చుట్టుకుపోయింది. పైట చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వెనకే వచ్చిన అక్క అతని ముఖం చూసి ఆగింది.

"బయటికి రావాలనే పెట్టుకున్నాం అక్కా వాటిని."

హనుమక్క సీసాలోకి తొంగి చూసింది. "రాకుండా చూసేదే కదప్పా నాకు తెలిసిన పని," అంది.

సొన్నప్ప అంబికకు ఫోను చేసి జరిగింది చెప్పాడు. "పర్వాలేదు అంకుల్. అవ్వని ఏమీ అనకండి," అని అంబిక, "చెట్టు మీద ఇంకొకటి ఉందేమో చూస్తారా? ఒక చెట్టు మీద ఒకటే ఉండదు. తిండి మానేసి, ఉన్నచోటే ఉండిపోయినదాన్ని చూడండి. రేపు పొద్దున్నే బయల్దేరి వచ్చేస్తా," అంది.

అక్కాతమ్ముళ్ళిద్దరూ చెట్టు చుట్టూ తిరిగారు. పచ్చటి ఆకుల్లో పచ్చటి పురుగు, పైగా ఇద్దరికీ చత్వారం. "ఆ సీసాని కాదు, నన్ను తెచ్చి మిద్దె మీద ఎండకి పెట్టాల," అని హనుమక్క గొణిగింది. అప్పుడు సొన్నప్పకు గుర్తొచ్చింది: పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు గోడ వైపు మిరియాల్లా నల్లటి రెట్టలు రాలి ఉన్నాయి. ఆ పైన కొమ్మను వంచి చూశాడు. అక్కడుంది. సగం కొరికిన ఆకును వదిలేసి, కాడను పట్టుకుని.

"దీనికి ఒళ్ళు బాగలేదు," అంది హనుమక్క. "మా పురుగులు జబ్బు చేస్తే ఇట్లే తల పైకెత్తి పెట్టుకుంటాయి."

ఈసారి కొమ్మను తుంచే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. రెండు కుర్చీలు వేసుకుని చెట్టు దగ్గరే కూర్చున్నారు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వస్తుంటే హనుమక్క లేచి, గొడుగు తెచ్చి కొమ్మ మీదుగా పట్టుకుంది. చేతులు మార్చుకుంటూ పట్టుకుందే గాని తమ్ముడికి ఇవ్వలేదు.

పొద్దు వాలుతుండగా మొదలైంది.

పురుగు ఒంటి మీద ఒక పక్క చర్మం చిన్న బొబ్బలా లేచింది. ఆ బొబ్బ కొసన చుక్కంత తెల్లటి తల బయటపడింది. రక్తం లేదు, గాయం లేదు, దోమతెరలోంచి గాలి వచ్చినంత మెత్తగా వచ్చింది. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన మరొకటి. చూస్తుండగానే పురుగు ఒళ్ళంతా తెల్లటి మొలకలు వచ్చినట్టయింది. మొదట వచ్చినది సగం లోపలే ఉండి తల ఇటూ అటూ ఊపసాగింది. దాని నోటి దగ్గర, కంటికి ఆనీ ఆననంత సన్నగా, ఏదో మెరిసింది.

హనుమక్క ముందుకు వంగింది.

"ఒరే తమ్ముడా. చూడు. ఎనిమిది రాస్తా ఉండాది."

"ఎనిమిదా?"

"మా పట్టుపురుగు తల ఇట్లే తిప్పుతాది. ఇటుకి ఒక సున్నా, అటుకి ఒక సున్నా. దీనికెవరు నేర్పించిరప్పా? ఇది ఆవగింజంత కూడా లేదే."

దారం మీద దారం పడుతోంది. మసకగా కనిపిస్తున్న పిల్ల మెల్లగా తన పట్టులో తాను మూసుకుపోయింది. ఒకటి కాదు, వీపు నిండా అన్నీ ఒకే తీరున ఊగుతూ, ఒకే పని చేస్తూ. హనుమక్క గొడుగు పట్టుకోని చేత్తో పైట కొంగును తల మీదికి లాక్కుంది, గుళ్ళో హారతి చూసేటప్పటిలాగా.

సొన్నప్ప మాత్రం పచ్చపురుగును చూస్తున్నాడు. అది ఇంకా బతికే ఉంది. ముందుకాళ్ళతో కాడను పట్టుకునే ఉంది. లోపల ఇంత జరుగుతున్నా నిన్నమొన్నటి దాకా ఆకు తింటూనే ఉండి ఉంటుంది. కడుపులో జబ్బు ముదిరిన నెలలో కూడా సావిత్రమ్మ ఒక సాయంత్రం లేచి కూర్చుని, నిమ్మకాయ పులిహోర తినాలని ఉందంది. తింది. బాగుందని కూడా అంది. లోపల జరిగేదాన్ని మనిషికి అంతా చెప్పకుండా ఒళ్ళే కొంత దాచిపెడుతుందేమో. దాన్ని ఇన్నాళ్ళూ మోసం అనుకున్నాడు. ఈ పురుగును చూస్తుంటే దయ అనిపించింది. అతను వంగి, దాని తలకు తగులుతున్న ఎండుటాకును మెల్లగా తీసేశాడు.

మర్నాడు వచ్చిన అంబిక బ్యాగు కూడా దించకుండా చెట్టు ముందు చతికిలబడింది. భూతద్దంలో చూసి, తలెత్తి హనుమక్క మోకాలి మీద చెయ్యి వేసింది. కొమ్మకు గుడ్డసంచి తొడిగి అక్కడే ఉంచింది. తర్వాత రోజులన్నీ ముగ్గురి మాటా అదే.

"మరి ఆ పురుగు ఊరికే ఎట్లుంటాదమ్మా, లోపల వీటిని పెట్టుకొని?" అని అడిగింది హనుమక్క వంకాయలు తరుగుతూ.

"గుడ్లతో పాటు కందిరీగ ఒక వైరస్సుని కూడా వదులుతుంది అవ్వా. పురుగు ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి కదా, వాటిని అది నిద్రపుచ్చుతుంది. ఆ వైరస్సు బయటినుంచి వచ్చింది కాదు. కోట్ల ఏళ్ళుగా కందిరీగ తన జన్యువుల్లోనే దాన్ని రాసిపెట్టుకుని, తల్లినుంచి బిడ్డకి ఇస్తా వస్తోంది."

"వాళ్ళమ్మ పెట్టిన సారె అనుకో."

"అట్లే. ఇంకొకటి వినండి. మగవాటికి నాన్న ఉండడు. తల్లి గుడ్డుకి మగబీజం తగలనిస్తే ఆడపిల్ల, తగలనీకపోతే మగపిల్లవాడు. నాన్న లేడు గాని తాత ఉంటాడు, తల్లి తరపున."

హనుమక్క కత్తిపీట ఆపి, తమ్ముడి వైపు చూసింది. "విన్నావా? మీ మగోళ్ళ అవసరం అంతే." సొన్నప్ప నవ్వాడు. ఆ నడవలో తన నవ్వు తనకే వినిపించి చాలాకాలమైంది. ఆమె శిడ్లఘట్టకు ఫోను చేసి ఇప్పట్లో రానని చెప్పేసింది.

గూళ్ళు ఒక పొద్దున తెరుచుకున్నాయి. ప్రతి గూటికీ కొసన గుండ్రటి మూత లేచింది, ఎవరో కొలిచి కోసినట్టు. అంబిక సంచిని జాగ్రత్తగా విప్పి సీసాలోకి దులిపింది. నల్లటి నలుసులు గాజు గోడల మీద నడుస్తున్నాయి.

"ఆడది," అంది అంబిక భూతద్దం కంటికి పెట్టుకుని. "ఆడది. ఇదీ ఆడదే."

హనుమక్క ఊపిరి గట్టిగా వదిలింది. మిద్దె మీద మాడిన సీసా ఆమె కళ్ళల్లో ఉందని సొన్నప్పకు తెలుసు. అతను వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు.

అంబిక చెయ్యి ఆగింది. తర్వాత భూతద్దాన్ని హనుమక్క చేతిలో పెట్టి, చూడాల్సిన చోట వేలు చూపించింది.

"ఇది మగది. మీసాలు చూడండి అవ్వా. ఒంటికన్నా పొడుగు. చివర పసుపు. ఆ ఇంకో జాతి మగదానికి పసుపు ఉండదు."

హనుమక్క చూసింది. కన్ను మార్చి మళ్ళీ చూసింది. భూతద్దం తమ్ముడికిచ్చి మెట్టు మీద కూర్చుంది.

సొన్నప్పకు రెక్క కనిపించింది. నీళ్ళ మీద నూనె పడినప్పటి రంగులు, అందులో వెంట్రుకలో వెంట్రుకంత ఈనెలు. సావిత్రమ్మ ఉండగానే ఈ జాతి ఈ వాకిట్లో తిరిగి ఉంటుంది, వీటి తాతలు, ముత్తాతలు తిరిగి ఉంటారు, కాఫీ తాగుతున్న తమ ఇద్దరి ముఖాల ముందునుంచే.

ఆ మగదాన్నీ, ఇంకా కొన్నింటినీ అంబిక నమూనాలుగా చంపి దాచడానికి స్పిరిట్టు గొట్టంలోకి తీసుకుంది. తీసుకునేటప్పుడు ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. మిగిలినవాటి సీసాను హనుమక్క ముందు పెట్టింది.

"ఇవి నాకు అక్కర్లేదు అవ్వా."

హనుమక్క లేచి నున్నటి వేళ్ళతో ముడి విప్పింది. గుడ్డ తీసి సీసాను చెట్టు వైపు వంచి పట్టుకుంది. ఒకటి లేచింది. రెండు, మూడు కలిసి లేచాయి. ఆఖరిది సీసా అంచు మీద ఆగి ముందుకాళ్ళతో మీసాలు దువ్వుకుంది. ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. అది ఎటు పోయిందో ఎవరికీ కనిపించలేదు. అంచు మాత్రం ఖాళీగా ఉంది.